సేటు కాలికి నూలుపోగు

ఎనభై తొమ్మిది దసరాకు రామచంద్రం భీమండి నుంచి వస్తూ పెళ్లానికి చీర తేలేదు, అత్తగారింట్లో ఉన్న కూతురు నర్మదకు రవికె గుడ్డ తేలేదు. భుజానికి ఒక రెగ్జిన్ సంచి, చేతిలో మూతకు బొక్కలు పొడిచిన బిస్కెట్ల డబ్బా, అంతే. డబ్బాలో మిఠాయి ఉండొచ్చని ఆశపడి శంకరవ్వ మూత తీసి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, వాడకట్టు మొత్తం అదిరేలా ఒక్క కేక పెట్టింది.

నిజానికి వాడకట్టులో ఎవరికీ వినబడలేదు. చొప్పదండిలో వాళ్లుండే ఆ నేతవాళ్ల సందులో సాంచాలు నడుస్తుంటే పిడుగు పడినా తెలియదు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఇంటికి రెండో మూడో ఉంటాయి, పర్శరాములు షెడ్డులోనైతే ఎనిమిది. ఆ షెడ్డుకూ శంకరవ్వ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కరెంటున్నంత సేపూ, పగలైనా రాత్రైనా, ఆ గోడ దడదడలాడుతూనే ఉంటుంది. గూట్లో వెనక్కి నెట్టి పెట్టిన గిన్నె సాయంత్రానికి తనంతట తానే అంచుకు వచ్చి నిలబడుతుంది.

డబ్బాలోంచి బత్తాయంత ఉండ ఒకటి నేల మీదికి దొర్లింది. చుట్టూ ముళ్లే. తల ఎక్కడో, కాళ్లెక్కడో ఆనవాలు లేదు.

"ఏందయ్యా ఇది?" అంది శంకరవ్వ వేళ్లు నోట్లో పెట్టుకుని.

"సేటు!" అన్నాడు రామచంద్రం. అన్నాడంటే, ఊరవతలికి వినబడేలా అన్నాడు. పదేళ్లకు పైగా భీమండి కార్ఖానాలో నిలబడి నిలబడి అతని చెవులు ముప్పాతిక వంతు పోయాయి. తనకు వినబడని మాట ఎదుటివాళ్లకూ వినబడదనుకుని గుసగుసను కూడా దండోరా వేసినట్టు చెప్పేవాడు. ఎదుటివాళ్ల మాటను మాత్రం పెదాలు చూసి పట్టుకునేవాడు. అది సాంచాల దగ్గర పనిచేసే వాళ్లందరికీ అంతో ఇంతో వచ్చే విద్యే. ఆ చప్పుడులో గొంతు చించుకోవడం దేనికని పెదాలాడించి, చెయ్యి తిప్పి మాట్లాడుకుంటారు.

"పగలంత పండుకుంటడు. ఏమన్న అడగవోతే ముండ్లు లేపుతడు. గందుకే సేటని పేరు వెట్టిన," అని చెప్పి నవ్వాడు. కచ్ దిక్కు నుంచి వచ్చే లారీ డ్రైవరు ఒకడు దాన్ని తెచ్చి, పెంచలేక ఇతని ఖోలీలో, అంటే అద్దె గదిలో, వదిలి పోయాడట. రెండేళ్లుగా ఆ ఖోలీలో ఇద్దరే, రామచంద్రమూ సేటూనూ.

ఇద్దరే అన్న మాట శంకరవ్వకు ముళ్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. ఈ పదేళ్లూ ఆమె ఇక్కడ ఒక్కతే ఉంది. పర్శరాములు షెడ్డుకు నూలు కండెలు చుట్టింది, అత్తకు చివరి దాకా చేసింది, కూతురి పెళ్లి మాట్లాడింది. రామచంద్రం పెళ్లికి వారం ముందు చుట్టం లాగా వచ్చి, పెళ్లయ్యాక చుట్టం లాగానే వెళ్లాడు. ఈసారి మాత్రం దసరా దాటినా వెళ్లలేదు. పర్శరాములు దగ్గర పనికి కుదిరాడు. కానీ ఉంటాడా పోతాడా అన్నది చెప్పడు. ఎవరడిగినా "చూద్దాం" అంటాడు. ఆ రెగ్జిన్ సంచి గోడకు కొయ్య మీద నిండుగా వేలాడుతూనే ఉంది. పొద్దున ఒక అంగీ దానిలోంచి తీస్తాడు, ఉతికి ఆరేసిన అంగీని మళ్లీ దానిలోనే కుక్కుతాడు. పెట్టెలో చోటున్నదని చెప్పడానికి శంకరవ్వకు అభిమానం అడ్డం వచ్చేది. అడిగితే పోతానంటాడేమోనన్న భయం కూడా ఉంది, కానీ ఆ మాట ఆమె ఒప్పుకోదు.

మొగుడి మీద చూపలేని కోపమంతా సేటు మీద చూపింది. డబ్బా కాలికి తగిలినప్పుడల్లా "దీన్ని ఒకనాడు బాయిల పారేస్త" అనేది. "సంపుత సూడు, నీ సేటును" అని మొగుడి మొహమ్మీదే చాలాసార్లు అన్నది. అతను పెదాలు చూసి నవ్వేసేవాడు.

వాడకట్టు వాళ్లంతా అది ఏదుపంది పిల్ల అని తేల్చేశారు. పెరిగిందంటే మేకంత అవుతుందని, ముళ్లు విసురుతుందని, చేనులో గడ్డలన్నీ తవ్వి తింటుందని తలొక మాట చెప్పారు. శంకరవ్వ కూడా అంతే అనుకుని, తిట్టినా కడుపు మాడ్చకూడదు గనక కందగడ్డ ముక్కలు వేసింది, పల్లికాయ వేసింది, జొన్న గటక పెట్టింది. సేటు వాటిని వాసన కూడా చూడలేదు. అది ఏదుపంది కాదు, పురుగులు తిని బతికే ముళ్ల ఎలుక, ఎంత పెరిగినా అంతే ఉంటుంది. మన దిక్కు కనిపించదు గనక ఎవరికీ తెలియదు, అంతే.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. కరెంటు పోతే ఆ వాడకట్టు గుండె ఆగినట్టవుతుంది. సాంచాలన్నీ ఒక్కసారే నిలిచిపోయాయి. శంకరవ్వ గడపలో కూర్చుని కండెలు సర్దుకుంటోంది. డబ్బాలో ముళ్ల ఉండ మెల్లగా విచ్చుకుంది. ముందు తడి ముక్కు, తర్వాత మిరియాల లాంటి కళ్లు, ఆ తర్వాత పొట్టి కాళ్లు. బయటికి వచ్చి గోడ వెంబడి పోయి, శంకరవ్వ ఏళ్ల తరబడి చీపురు తిరగేసి కొట్టినా చావని బొద్దింకలను ఒక్కొక్కటే కరకరమని నమిలింది. తిన్నంత తిని ఆమె కాలి దగ్గరికి వచ్చి, బొటనవేలికి చల్లటి ముక్కు ఆనించి కాసేపు అట్లాగే ఉంది. ఆమె కాలు కదపలేదు. ఇంట్లో ఆమె దగ్గరికి ఒకరు తమంతట తాము వచ్చి కూర్చుని ఎంత కాలమైందో ఆమెకే గుర్తు లేదు.

కరెంటు రాగానే గోడ దడదడలాడింది. సేటు ఉన్నచోటే ఉండ చుట్టుకుపోయింది. భీమండిలో ఖోలీ ఒక చోట, కార్ఖానా ఒక చోట. ఇక్కడ ఇల్లే కార్ఖానా. పాపం దీనికి కరెంటు పోతే తప్ప తిండి లేదన్న సంగతి శంకరవ్వకు అప్పుడు అర్థమైంది. ఆ ముళ్ల ఉండను కొంగుతో ఎత్తి డబ్బాలో పెడుతుంటే రేకు చల్లగా తగిలింది. మొగుడు దాని కింద ఒక అట్టముక్క వేసి ఊరుకున్నాడు. మొగవాళ్లకు ఇంతకంటే ఏం తోస్తుంది అనుకుంది.

నేతవాళ్ల ఇంట్లో మెత్తన అంటే నూలే. కండెల్లో మిగిలినవీ, తెగిపోయినవీ, చిక్కుపడి పనికిరానివీ నూలుపోగులు ఆమె ఒక గంపలో వేస్తుంది. దిండ్లలోకి అదే, పసిపిల్లల పక్కల్లోకి అదే, నర్మద ఊయలలోనూ అదే వేసింది. ఆ చిక్కు నూలు రెండు గుప్పిళ్లు తీసి డబ్బాలో పరిచింది. సేటు అందులోకి దూరి ఒక్క నిట్టూర్పు విడిచింది. రామచంద్రం ఇంటికొచ్చి చూసి, ఆ పూట రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.

చలి మొదలయ్యేసరికి సేటు కుంటడం మొదలుపెట్టింది. వెనక కాలు ఒకటి నేల ఆనించేది కాదు. నాలుగు రోజులకు ఉండ చుట్టుకున్నా ఆ పాదం ఒక్కటీ బయటే ఉండిపోయేది, వాచి, నల్లబడి. ముట్టుకుంటే కీచుమని అరిచేది. గుడ్డు పెట్టినా ముట్టలేదు.

రామచంద్రం ఆ రోజు పనికి పోలేదు. పదేళ్లలో జ్వరం వచ్చినా పని మానలేదని చెప్పుకునే మనిషి, డబ్బాను ఛాతీకి ఆనించుకుని పశువుల దవాఖానకు నడిచాడు. శంకరవ్వ వెనకాలే పోయింది. డాక్టరు మధుసూదన్‌రావు మంచివాడు. బర్రెలూ, ఎడ్లూ, మేకలూ తప్ప ఇంకేదీ తన బల్ల మీదికి రాలేదని ముందే చెప్పేశాడు. వంగి, అద్దం పెట్టి ఆ ఒక్క పాదాన్నే చాలాసేపు చూశాడు. చేతికి తొడుగు వేసుకుని విప్పబోతే సేటు ఇంకా బిగుసుకుంది.

"అమ్మా, దీని కాలుకు పైన ఏదో బిగిసింది. దూడ కాలుకు పలుపు చుట్టుకొని కోసుకుపోతే ఇట్లనే వాస్తది. అదేందో కండ్ల వడితే కత్తెరతోని పని అయిపోతది. మత్తు ఇయ్యొచ్చు గని, బర్రెకిచ్చే మందు దీనికెంతియ్యాల్నో నాకు తెల్వదు. ఒక్క చుక్క ఎక్కువైతే లేవకుంట పోతది. తనంతట తాను ఒళ్లు విప్పినప్పుడు కోసెయ్యుండ్రి. ఆలస్యం చేస్తే కాలు కుళ్లుతది. కాలుతోని పానం గూడ," అన్నాడు. ఒక పొడి పొట్లం కట్టిచ్చాడు.

డాక్టరు తల వంచుకుని మాట్లాడాడు. రామచంద్రానికి ఒక్క ముక్క అందలేదు. బయటికి వచ్చాక "ఏమన్నడు?" అని ఆమె మొహంలోకి చూశాడు.

ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. బిగిసినది ఏమిటో, దాన్ని అక్కడ పెట్టిందెవరో.

"వాపన్నడు. ఒళ్లు ఇప్పినప్పుడు సూసి మందు పెట్టుమన్నడు," అంది. బిగిసిందన్న మాట మింగేసింది. చంపుతా చంపుతా అని ఇన్నాళ్లూ తన నోటితో తనే అన్నది. ఇప్పుడు తన చేత్తో పరిచిన నూలే కాలు కోస్తోందంటే ఏమనుకుంటాడు? కావాలనే చేసిందనుకోడా? గోడకున్న సంచి ఒక్కసారి కళ్లలో మెదిలింది. ఆ సంచిని భుజానికి వేసుకోవడానికి అతనికి ఎంతసేపు పడుతుంది?

ఇంటికి రాగానే, అతను కాళ్లు కడుక్కుంటుండగా, సేటును పళ్లెంలోకి దొర్లించి డబ్బాలోని నూలంతా తీసి పెంటకుప్ప మీద పారేసింది. ఎండుటాకులు తెచ్చి వేసింది. దిక్కులు చూసుకుంటూ లోపలికొచ్చింది.

ఇక కరెంటు పోవాలి. సేటు ఒళ్లు విప్పేది అప్పుడే. అంతకు ముందు వరకు రోజుకు రెండుసార్లు చెప్పకుండా పోయే కరెంటు అప్పుడు పోవడం మానేసింది. ఓట్లు దగ్గరికొచ్చాయి. సందు మొదట్లో జెండాలు, మైకులు, చేతులు జోడించే వాళ్లు. ఓట్లయ్యేదాకా కరెంటు తియ్యొద్దని పైనుంచి మాట వచ్చిందట. వాడకట్టు వాళ్లు పగలూ రాత్రీ సాంచాలు నడుపుకుంటూ సంబరపడుతున్నారు. కరెంటు పొమ్మని దేవుడికి దండం పెట్టుకున్న మనిషి ఆ జిల్లా మొత్తమ్మీద శంకరవ్వ ఒక్కతే అయ్యుంటుంది.

గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూశారు. ఉండ కొంచెం వదులయ్యేది, గోడ అవతల సాంచ ఒక్క దెబ్బ వేయగానే మళ్లీ ముడుచుకునేది. ఇంకో చోటికి మోసుకుపోదామంటే డబ్బా కదిలిస్తేనే కీచుమంటోంది, దవాఖానకు పోయి వచ్చినందుకే సగం ప్రాణం పోయింది. రామచంద్రం పనికి పోతున్నాడే గానీ పోగు తెగినా చూసుకోవడం లేదట. రెండో రోజు పొద్దున డబ్బా మూత తీస్తే వాసన వచ్చింది. శంకరవ్వ కొంగు నడుముకు చుట్టుకుని పర్శరాములు షెడ్డుకు నడిచింది.

సాంచాలు ఆపమని అడగడం ఆ వాడకట్టులో చిన్న సంగతి కాదు. అక్కడొక కట్టడి ఉంది. కరెంటు ఉండగా సాంచాలన్నీ ఒక్కసారే ఆగేది చావుకే. పీనుగ లేచి సందు మలుపు తిరిగేదాకా ఒక్క సాంచ కదలకూడదు. పోయినవాళ్లకు అదే చివరి మర్యాద. చావు లేకుండా అన్నీ ఒక్కసారి ఆపితే, ఆపినందుకు ఒక చావు వెతుక్కుంటూ వస్తుందని భయం. ఈ కట్టడిని అందరికంటే గట్టిగా పట్టుకుని వేలాడిందీ శంకరవ్వే. పోయినేడు ఎవరింట్లోనో పెళ్లి బాజా వినబడాలని నాలుగిళ్ల వాళ్లు ఒక్కసారి సాంచాలు ఆపబోతే, ఇంటింటికీ పోయి తిట్టి మళ్లీ నడిపించింది.

పర్శరాములు షెడ్డు గుమ్మంలో నిలబడి కొబ్బరి పీచుతో చేతుల నూనె తుడుచుకుంటున్నాడు. ఆ చప్పుడులో మాటలు లేవు, పెదాలూ చేతులే.

"తమ్మీ, సాంచాలు జరసేపు ఆపాలె. నీయి ఒక్కటే గాదు, వాడకట్టు మొత్తం. నువ్వు చెప్తే ఇంటరు."

అతను కళ్లు పెద్దవి చేశాడు. "ఎవలు వొయిండ్రు?"

"ఎవలు వోలే. సేటు పోకుంట ఆపుమంటున్న."

"అక్కా, పీనుగ లేకుంట ఎట్ల ఆపుతం? నువ్వే గదా పోయినేడు కట్టె వట్టుకొని తిరిగింది. గా ఏదుపంది కోసం వాడకట్టుకు అరిష్టం తెస్తమా? పోతే పోతది. రామచంద్రమన్నకు ఒక కుక్కపిల్లను తెచ్చిస్త."

శంకరవ్వ కదల్లేదు. గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. చెప్పకుండా పని అయ్యేటట్టు లేదు. "తమ్మీ, దాని కాలుకు నూలు చుట్టుకున్నది. నేనేసిన నూలు. మెత్తగుంటదని నేనే ఏసిన," అంది. ఒక్కొక్క మాటే విడదీసి అంది. "మీ అన్నకు చెప్పలే. చెప్పుతె కావాలని చేసిన్ననుకుంటడు. సంపుత సంపుత అని రోజు నేనే అంటిని. అది సచ్చిందంటే ఆయన సంచి ఏసుకొని పోతడు తమ్మీ. ఈపారి పోతే మల్ల రాడు."

కళ్లు తుడుచుకుని తల ఎత్తింది. పర్శరాములు భుజం మీదుగా, లోపల మూడో సాంచ దగ్గర, రామచంద్రం నిలబడి ఉన్నాడు. నేరుగా ఆమె మొహం కేసే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. పదేళ్లు పెదాలు చదివి బతికిన మనిషి.

శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకుని ఏం లాభం, చెప్పాల్సిందంతా చెప్పేసింది.

రామచంద్రం వంగి తన సాంచ హ్యాండిల్ లాగాడు. అది ఆగింది. పక్క సాంచ దగ్గరికి పోయి దాన్నీ ఆపాడు. పర్శరాములు వద్దనబోయి, అన్న మొహం చూసి, షెడ్డు మెయిన్ స్విచ్చి కిందికి దించాడు. ఎనిమిది సాంచాలూ నిలిచాయి. సందులో మిగతా ఇళ్లవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. షెడ్డు ఆగిందంటే ఎవరు పోయారోనని గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. సంగతి విని సగం మంది నవ్వారు, సగం మంది భయపడ్డారు. "చావు లేకుంట ఆపుతే మనిండ్లల్లకే వస్తది" అని ఒకామె గొణిగింది.

ఎదురింటి అరుగు మీద పోశవ్వ కూర్చుని ఉంది. వాడకట్టులో అందరికంటే పెద్దది. ఎవరు ఎప్పుడు పుట్టారో ఆమెనే అడిగేవారు. నోట్లో ఆకు ముద్దను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుని, "ఎవలింట్లకు ఎందుకొస్తదే?" అంది. "వస్తే వరుసల ముందుగాల నేనే ఉన్న గదా. నన్ను దాటి మిమ్ముల నెట్ల వట్టుకపోతది? నాకేం ఫికర్ లేదు, ఆపుండ్రి. గా జీవి పరేషానైతుంది."

ఒక ఇంట్లో సాంచ ఆగింది. ఆ పక్కింట్లో ఆగింది. మలుపు దగ్గరి ఇంట్లో చిట్టచివరిది రెండు దెబ్బలు వేసి ఊరుకుంది.

అప్పుడు వాడకట్టులో అన్నీ వినబడ్డాయి. ఎవరిదో బిందెలో పడుతున్న నీళ్లు, రెండిళ్ల అవతల పొయ్యి మీద పోపు. చావు లేకుండా, కరెంటు పోకుండా అంత నెమ్మదిని ఆ సందు మనుషులు ఎప్పుడూ ఎరగరు. అడుగులు కూడా మెల్లగా వేశారు.

వాకిట్లో ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి సేటును పెట్టారు. రామచంద్రం ఒక పక్క, శంకరవ్వ ఒక పక్క కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ముళ్ల మధ్య చిన్న చీలిక కనబడింది. తడి ముక్కు బయటికి వచ్చి గాలిని వాసన చూసింది. కళ్లు వచ్చాయి. ముందు కాళ్లు వచ్చాయి. చివరికి, ఎంతో ఆలోచించుకున్నట్టు, వెనక కాళ్లు రెండూ నీళ్లలోకి చాపింది.

రామచంద్రం దాని నడుము కింద అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. వాచిన కాలి మీద ఏమీ కనబడలేదు. పోగు చర్మం లోపలికి దిగిపోయింది. అతని చూపు ఆనలేదు. శంకరవ్వ చూడడం మానేసి వేలికొసతో తడిమింది. జీవితమంతా కండెలు చుట్టిన వేలు అది, చీకట్లో కూడా తెగిన పోగు కొస వెతికి పట్టుకుంటుంది. కాలి వెనక, గోరంత చోట, గరుకుగా తగిలింది. నూలు కత్తిరించే చిన్న కత్తెర మొనను దాని కింద దూర్చి నొక్కింది. పోగు తెగింది. మెల్లగా, ఒక్కొక్క చుట్టే విప్పింది. రక్తమూ చీమూ వచ్చాయి. సేటు కీచుమంది గానీ ముడుచుకోలేదు. డాక్టరిచ్చిన పొడి అద్దింది.

ఆ నూలుపోగు ఆమె అరచేతిలో ఉంది. ఎర్ర రంగుది. దాచడానికి ఇక చోటు లేదు. చెయ్యి చాపి మొగుడికి చూపించింది.

"నాకు ముందే ఎర్కే!" అన్నాడు రామచంద్రం. ఆ నిశ్శబ్దంలో అతని గొంతు సందు ఆ కొస దాకా పోయింది. గుమ్మాల్లో ఉన్న వాళ్లంతా ఉలిక్కిపడ్డారు. "దవాఖాన నుంచి వచ్చినంక డబ్బల నూలు లేకపాయె! అప్పుడే సమజైంది! నువ్వే చెప్తవని సూసిన!"

"మెల్లగ, మెల్లగ," అని శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి ఊపింది. అందరూ వింటున్నారని కళ్లతో చూపింది.

అతనికి తన గొంతు ఎంత ఉందో తెలియదు. ఆమెకు వినబడలేదనుకుని ఇంకా పెంచాడు. "సంపుత సంపుత అన్నవు గని, ఎవ్వలినన్న సంపే చెయ్యి గాదే అది! మా అవ్వకు ముద్ద పెట్టిన చెయ్యి! బిడ్డ పెండ్లి చేసిన చెయ్యి! నూలు నేనూ సూసిన గదా! పుట్టినకాంచి నూలుల్నే బతుకుతున్న, నాకే తోచలే! మెత్తగుందని నేనూ మురిసిన!"

ఎదురరుగు మీద పోశవ్వ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు ఇంకొందరు తోడయ్యారు. శంకరవ్వ కొంగులో మొహం దాచుకుంది, సిగ్గుతో కొంత, ఏడుపుతో కొంత. పదేళ్లుగా అతను తనతో ఒంటరిగా కూడా అనని మాటలు, ఇప్పుడు వాడకట్టు మొత్తానికి చెప్పేశాడు.

గోడ అవతలి నుంచి పర్శరాములు పిలిచాడు. "అక్కా, అయిందా? స్విచ్చి ఎయ్యాల్నా?"

"జర ఆగు తమ్మీ. సేటు తింటున్నది," అంది ఆమె. నిజంగానే అది ఉడికిన గుడ్డు ముక్కలో మూతి పెట్టింది. వేలు ఒకటి ఆ తర్వాత రాలిపోయిందిగానీ కాలు నిలిచింది.

రామచంద్రం లేచి లోపలికి పోయాడు. కొయ్య మీది రెగ్జిన్ సంచి తీశాడు. అతను సంచిని నేల మీద తలకిందులు చేసి దులిపాడు. అంగీలు, ధోతులు, సబ్బు పెట్టె, దువ్వెన, అన్నీ కుప్పగా పడ్డాయి. ఖాళీ సంచిని అడ్డంగా పెట్టి, లోపల ఎండుటాకులు పరిచి, సేటును రెండు చేతులతో ఎత్తి అందులో పడుకోబెట్టాడు.

"గిదైతే పోగులు లేవవు," అన్నాడు. ఈసారి కొంచెం మెల్లగానే.

శంకరవ్వ కుప్ప ముందు కూర్చుని అంగీలు ఒక్కొక్కటే దులిపి మడత పెట్టింది. పెట్టె తెరిచి తన చీరెలను ఒక పక్కకు జరిపింది. జరిపిన చోట అంగీలు, ధోతులు సర్దింది. మూత వేసి, గడప దాటి వాకిట్లోకి వచ్చి, గోడ వైపు తిరిగి పర్శరాములును పిలిచింది.

"ఇగ ఎయ్యి తమ్మీ."